తంగేడు పక్కన వంగ: అడవిపూల విత్తనాల ప్యాకెట్, ఏడాది తర్వాత

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, ఈ అడవిపూల విత్తనాల ప్యాకెట్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపారు. రివ్యూకి డబ్బులు తీసుకోలేదు. రేటు, లోపల ఏమేం ఉన్నాయి అన్నది డిస్క్రిప్షన్‌లో ఉంది. గుంటూరు గోరంట్లలో మా పెరట్లో పోయినేడు జూన్‌లో విత్తాను.

కోపం వచ్చిన సంగతి ముందు. తంగేడు గింజ పైపొర చాలా గట్టి, నీళ్లు లోపలికి దిగవు. ఈ ముక్క ప్యాకెట్ మీద ఎక్కడా లేదు! 20 గింజలు పెడితే 2 మొలిచాయి. మళ్లీ ఇంకో 20 తీసి, గరుకు కాగితం మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి పెడితే చాలావరకు వచ్చాయి. పైగా ‘మన నేల పూలు’ అని రాసి కాస్మాస్ కలిపారు. అది మెక్సికో మొక్క. అందమైనదే, కానీ ఆ పేరుతో అమ్మకూడదు.

ఇప్పుడు ఇది చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. తంగేడు పువ్వు మీద గండుతుమ్మెద. ఈ పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే. అదీ కేసరాల కొసన సన్నటి రంధ్రాల వెనక ఉంటుంది. తుమ్మెద పువ్వుని పట్టుకుని ఒళ్లు అదిరించి రాలుస్తుంది. ఆ జుమ్మనే మోత వినిపిస్తోందా? వంగపువ్వుదీ ఇదే తీరు. తేనెటీగలకి ఆ విద్య రాదు. ఇదివరకు రోజూ పొద్దున్నే వంగపూలని నేనే వేలితో తట్టేదాన్ని. ఈసారి ఒక్కరోజు కూడా తట్టలేదు, కాయలు నిండుగా ఉన్నాయి. తంగేడు కోసం వచ్చినవే పక్కనున్న వంగ మీదా వాలుతున్నాయి.

అలాగని రెండిటినీ ఒకే పాదులో పెట్టకండి. వంగకి తడి కావాలి, తంగేడుకి నీళ్లు నిలవకూడదు. మాది నల్లరేగడి, అందుకే ఇసుక కలిపి జానెడెత్తు దిబ్బ కట్టాను. ఎరువు వేయలేదు.

అంతకుముందు ఏడాది కొన్న విదేశీ పూల మిక్స్ మార్చికే మాడిపోయింది. ఇది మే ఎండల్లోనూ పచ్చగా నిలబడింది. మొన్న తంగేడు ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనిపిస్తే అమ్మ మందు కొట్టమంది. ఆగమన్నాను. కొన్నాళ్లకి లేత పసుపు సీతాకోకచిలుకలు ఎగిరాయి. ఇప్పుడు అమ్మే పొద్దున్నే వెళ్లి ఆకులు తిప్పి చూస్తోంది.

తుమ్మి, విష్ణుక్రాంతం కూడా మొలిచాయి, బాగున్నాయి. నా మాట అయితే, ఒక్క తంగేడు కోసమైనా ఈ ప్యాకెట్ కొనండి. గరుకు కాగితం మర్చిపోకండి.