సాయంత్రానికి చేతిలో పడే డబ్బు

అధ్యక్షులకు, పెద్దలకు, అంబత్తూరు నుంచీ తాంబరం నుంచీ ఈ ఎండలో వచ్చిన మనవాళ్లందరికీ నమస్కారం. పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి పొగడ్తలు తర్వాత కాఫీ దగ్గర చెప్పుకుందాం.

'రైతు సంఘాలు, ప్రభుత్వ విధానాలు' అని నా ప్రసంగానికి పేరు కార్డులో వేశారు. మన చెన్నైలో ఆ మాట ఎత్తడం సబబే. 1890ల్లో పల్లె అప్పుల సంగతి చూడమని మద్రాసు ప్రభుత్వం నికల్సన్ దొరను పురమాయిస్తే, జర్మనీ రైఫైజన్ పద్ధతిలో, అంటే ఊరివాళ్లే కలిసి ఒకరికొకరు అప్పులిచ్చుకునే పరపతి సంఘాలు పెట్టమని ఆయన రాశాడు. 1904లో ఆ సంఘాలకు చట్టమొచ్చింది. ఆ ఏడే ఇక్కడికి దగ్గర్లోని తిరూర్‌లో సంఘం పుట్టింది. ఆ తర్వాత సహకార సంఘాల్లో రాజకీయం ఎట్లా దూరిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2003 నుంచి రైతులు కంపెనీ కూడా పెట్టుకోవచ్చు. పదిమంది చాలు, ఎవరికెన్ని వాటాలున్నా మనిషికొకటే ఓటు. 2020లో కేంద్రం ఇలాంటి పదివేల రైతు సంఘాలు పెట్టించడానికని 6,865 కోట్లు ప్రకటించింది.

మా చిన్నాన్న కథ చెప్పకుండా ముందుకు పోలేను. మదనపల్లె పక్కన టమోటా పెడతాడు. ఊళ్లో కంపెనీ పెట్టి ఆయన్ని డైరెక్టర్ను చేశారు. సరుకు నేరుగా మన కోయంబేడు మార్కెట్‌కు పంపారు. రేటు బాగానే పలికింది, డబ్బు మాత్రం వారం దాటాక వచ్చింది. అంతదాకా కోత కూలీలకు ఏమివ్వాలండీ? మరుసటి కోత చిన్నాన్న మండీకే తోలాడు. మండీ వ్యాపారి కమీషన్ పట్టుకుంటాడు, తరుగు తీస్తాడు, నిజమే. నారు నాటేటప్పుడు అడ్వాన్సు ఇచ్చిందీ ఆయనే, సాయంత్రానికి లెక్కతేల్చి డబ్బు చేతిలో పెట్టేదీ ఆయనే. మీటింగులో మా చిన్నాన్నను నిలబెట్టి ద్రోహి అన్నారు. నాకింకా కడుపుమంట తగ్గలేదు.

ఆ కేంద్రం పథకం లెక్క చూడండి. మూడేళ్లకు సంఘానికి 18 లక్షల దాకా ఇస్తారు, అది జీతాలకూ ఆఫీసుకూ. పంట కొనడానికి పనికిరాదు. సభ్యులు వేసుకున్న వాటాధనానికి సమంగా ఇచ్చే గ్రాంటు సభ్యుడికి 2,000 మించదు. మూడు వందల మంది ఉంటే ఆరు లక్షలు, వాళ్లు వేసుకున్నది ఇంకో ఆరు. పన్నెండు లక్షలతో టమోటా కోతల్లో ఎన్నాళ్లు నెట్టుకొస్తారు? రెండు కోట్ల దాకా అప్పుకు హామీ పథకం ఉంది. అయితే ముందు బ్యాంకు మేనేజరు సంతకం పెట్టాలి, ఆయన పాత బ్యాలెన్స్ షీట్లు అడుగుతాడు. కొత్త సంఘం ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఇక పాసుపుస్తకం లేని కౌలు రైతు గురించి మాట్లాడితే అధ్యక్షులవారు గంట కొడతారు.

తెలంగాణలో ములకనూరు చూడండి, 1956 నాటి సహకార సంఘం. అప్పు ఇచ్చేదీ అదే, పంట కొనేదీ అదే. మనకు కావలసింది అదేనండీ, ఎన్ని సంఘాలు రిజిస్టరయ్యాయన్న లెక్క ఎవరిక్కావాలి?

ఈ హాల్లో బ్యాంకు రిటైరైనవాళ్లు ఎంతమంది ఉన్నారు, చేతులెత్తండి... అబ్బో, చాలామందే! ఎవరూ పారిపోకండి. మా చిన్నాన్న సంఘానికి అప్పు అర్జీ రాసి, బ్యాంకు అడిగే లెక్కలు తయారుచేసిపెట్టే మనిషి కావాలి. ప్రయాణం ఖర్చు నాది. కాఫీ దగ్గర పేరు రాసిచ్చి వెళ్లండి.