పాత హార్డ్ డిస్కులన్నీ కలిపి ఒకటే డ్రైవ్: ఎల్‌వీఎం రివ్యూ, హన్మకొండ స్టూడియో సెటప్‌తో

నమస్తే అండి. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే మన హన్మకొండ, కాజీపేట స్టూడియోల్లో ఎవరిని కదిలించినా ఒకటే మాట: "అన్నా, డిస్క్ నిండిపోయింది." ఫోర్‌కే వచ్చాక ఒక్క పెళ్లికే వందల జీబీ అవుతోంది. అటు చూస్తే బీరువాలో 500 జీబీవి, 1 టీబీవి పాత డిస్కులు ఊరికే పడి ఉంటాయి. వాటిని కలిపి ఒకే డ్రైవ్‌లా వాడుకోవడానికి లినక్స్‌లో ఉన్న పద్ధతే ఎల్‌వీఎం, అంటే లాజికల్ వాల్యూమ్ మేనేజర్. హన్మకొండలో నా మిత్రుడి స్టూడియోలో ఇదే నడుస్తోంది. ఇవాళ్టి రివ్యూ ఆ మిషన్ మీదే.

నా అభిప్రాయం ముందే చెప్తాను. జాగా పెంచుకోవడానికి దీన్ని మించింది నేను చూడలేదు. కానీ ఫుటేజ్‌ని కాపాడే పని దీనిది కాదు. ఈ రెండూ కలిపి గుర్తుపెట్టుకుంటేనే మొదలుపెట్టండి.

పని మూడు అడుగుల్లో అయిపోతుంది. పీవీక్రియేట్ అనే కమాండ్‌తో ఒక్కో డిస్క్‌ని సిద్ధం చేస్తాం, వీజీక్రియేట్‌తో అన్నిటినీ ఒక గ్రూపులో వేస్తాం, ఎల్‌వీక్రియేట్‌తో ఆ గ్రూపులోంచి వాల్యూమ్, అంటే మనకి కనిపించే ఆ ఒకే డ్రైవ్, తీస్తాం. దాన్ని ఈఎక్స్‌టీ4లో, అంటే లినక్స్ ఫైళ్లని సర్దుకునే ఫైల్ సిస్టమ్‌లో, ఫార్మాట్ చేసుకోవాలి. అంతకుముందు డిస్కుల్లో ఉన్నదంతా పోతుంది కాబట్టి ముందే కాపీ తీసి పెట్టుకోండి. లోపల జరిగేది ఏంటంటే, ఎల్‌వీఎం ప్రతి డిస్క్‌నీ 4 ఎంబీ ముక్కలుగా చూస్తుంది. ఏ ముక్క ఏ డిస్క్‌లో ఉందో రాసి పెట్టుకున్న పట్టికే మన వాల్యూమ్.

స్క్రీన్ చూడండి. రెండు 500 జీబీలు, ఒక 1 టీబీ కలిపాం. 2 టీబీ రావాలి కదా, 1.82 అని చూపిస్తోంది. టెన్షన్ పడకండి, ఏమీ పోలేదు. డిస్క్ కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, లినక్స్ 1024తో లెక్కేస్తుంది.

ఇప్పుడు కొత్తగా ఒక 2 టీబీ డిస్క్ పెట్టాం. దాన్నీ పీవీక్రియేట్‌తో సిద్ధం చేసి, వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో చేర్చాం. ఆ తర్వాత ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి హైఫన్ ఆర్ (-r) తగిలిస్తే వాల్యూమ్‌తో పాటు ఫైల్ సిస్టమ్ కూడా పెరుగుతుంది. ఇదంతా జరుగుతుంటే పక్క గదిలో తమ్ముడు అదే డ్రైవ్ మీద ఎడిటింగ్ చేస్తూనే ఉన్నాడు. అయితే జాగా మొత్తం ఇచ్చేయకండి, గ్రూపులో కొంత ఖాళీ ఉంచండి. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

నాకు అన్నిటికంటే నచ్చింది పీవీమూవ్. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్ట్‌లో ఒక పాత డిస్క్‌కి రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడై పక్కన పెట్టేసిన చోట్లు, పెరుగుతూ కనిపించాయి. అది పూర్తిగా పోకముందే దాన్ని ఖాళీ చేయాలి. పీవీమూవ్ అని కొట్టి ఆ డిస్క్ పేరు ఇస్తే చాలు, అందులోని ముక్కలు మిగతా డిస్కుల్లో ఉన్న ఖాళీ జాగాలోకి వెళ్లిపోతాయి. ఖాళీ ఉంచమన్నది ఇందుకే. మూవ్డ్ 12 శాతం, 13 శాతం అని మెల్లగా వస్తుంది, గంటలు పడుతుంది. ఫైళ్లు మాత్రం ఎప్పటిలాగే తెరుచుకుంటాయి. మధ్యలో కరెంటు పోతే? మిషన్ ఆన్ చేసి ఉత్త పీవీమూవ్ అని కొడితే చివరి చెక్‌పాయింట్ నుంచి అందుకుంటుంది. అంతా అయ్యాక వీజీరెడ్యూస్ కొట్టి ఆ డిస్క్‌ని తీసేయొచ్చు. అయితే చదవడమే మానేసిన డిస్క్‌ని పీవీమూవ్ కూడా ఏమీ చేయలేదు. స్మార్ట్ రిపోర్ట్ ముందు నుంచే చూస్తూ ఉండాలి.

ఇక అసలు బలహీనత. మామూలుగా చేస్తే ఇది లీనియర్ వాల్యూమ్, అంటే ఒక డిస్క్ నిండాక ఇంకో డిస్క్. నాలుగు డిస్కుల్లో ఏ ఒక్కటి పోయినా వాల్యూమ్ మొత్తానికీ దెబ్బే. డిస్కులు పెరిగేకొద్దీ ఆ ముప్పు కూడా పెరుగుతుంది. ఈ మిషన్‌లో మేడారం జాతర ఫుటేజ్ ఉంది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది, అమ్మవారు గద్దె మీదికి వచ్చే ఆ ఘడియని మళ్లీ తీసుకురాలేం. అందుకే దానికి వేరే డిస్క్‌లో ఇంకో కాపీ ఉంది, అది కూడా ఇంట్లో, స్టూడియోలో కాదు. ఎల్‌వీఎంలోనే రెయిడ్1, అంటే ప్రతిదీ రెండు డిస్కుల్లో రాసే పద్ధతి, పెట్టుకోవచ్చు కానీ జాగా సగం అవుతుంది, పొరపాటున డిలీట్ చేసినదాన్ని అదీ వెనక్కి ఇవ్వదు.

స్పీడ్ పెరుగుతుందా అని చాలామంది అడుగుతున్నారు. లీనియర్‌లో పెరగదు. స్ట్రైప్ చేస్తే, అంటే డేటాని ఒకేసారి అన్ని డిస్కుల మీదా పరిచి రాస్తే, పెరుగుతుంది, కానీ తర్వాత ఒక్కో డిస్క్ చొప్పున పెంచుకోవడం కష్టం. పాత డిస్కులు పోగేసేవాళ్లకి లీనియరే నయం. విండోస్ ఈ వాల్యూమ్‌ని నేరుగా చదవలేదు, లినక్స్ మిషన్‌లో పెట్టి, నెట్‌వర్క్‌లో విండోస్‌కి ఫైళ్లు అందించే సాంబా అనే సాఫ్ట్‌వేర్‌తో షేర్ చేయాల్సిందే. యూఎస్‌బీ డిస్కులు మాత్రం గ్రూపులో కలపకండి. ఎవరి కాలికో వైరు తగిలి ఊడిందంటే వాల్యూమ్ మధ్యలో తెగిపోతుంది.

పెళ్లి ఫుటేజ్ పెట్టి ఎడిట్ చేసుకుని, కస్టమర్‌కి ఇచ్చాక తీసేసే డ్రైవ్‌గా అయితే నిశ్చింతగా వాడండి. ఏళ్ల తరబడి దాచుకునే ఫుటేజ్‌కి ఇదొక్కటే దిక్కు అనుకుంటే మాత్రం వద్దంటాను.

సెటప్ చేసిన రోజే ఇంకో పని చేయండి. డిస్కుల జాబితా చూపించే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో ఒక్కో డిస్క్ సీరియల్ నంబర్ తీసి, కాగితం మీద రాసి డిస్క్ అంచుకి అతికించండి. రేపు ఏదైనా పోతే ఏది ఊడదీయాలో చూడగానే తెలుస్తుంది.