లైబ్రరీలో ఆమెకూ ఒక కుర్చీ

శ్రోతలకు నమస్కారం.

నల్లగొండలోనో దేవరకొండలోనో మధ్యాహ్నం పూట గ్రంథాలయంలోకి తొంగిచూడండి. గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ పరీక్షకూ చదివే పిల్లలు పొద్దున్నే బ్యాగు పెట్టి కుర్చీ ఆపుకుంటారు. పేపర్ల బల్ల దగ్గర రిటైరైన పెద్దమనుషులు. పదిహేడేళ్లకే కడుపుతో ఉన్న అమ్మాయి ఆ మెట్లెక్కడం నేనైతే చూడలేదు. బడి మానేసిన రోజే చదువు తీరిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆమే అనుకుంటుంది.

అలాంటివాళ్లు ఎక్కడో ఒకరిద్దరు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిందని తేలింది. చట్టం వద్దంటూనే ఉంది, లగ్గాలు అవుతూనే ఉన్నాయి.

గ్రంథాలయం ఎవరి దయతోనో నడిచేది కాదు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ అమ్మాయి తండ్రీ కడుతున్నాడు, మామా కడుతున్నాడు. అందుకే అడుగుతున్నా: వారానికి ఒక పూట, ఒక గది ఆమెకు ఇవ్వలేమా?

ఆ పూట ఏం చేయాలంటే, ముందు తల్లీబిడ్డల కార్డు చదవాలి. చెకప్‌కు పోయేటప్పుడు కవర్లో పెట్టుకుపోయి, తెచ్చి బీరువాలో దాచే కార్డే. రక్తస్రావం, ముఖం వాపు, కళ్లు మసకలు, ఫిట్స్, ఇవి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పొమ్మని అందులోనే ఉంటుంది. చిన్న వయసు కాన్పులో రక్తహీనత, బీపీ ముప్పు ఎక్కువ కాబట్టి ఊరి నర్సమ్మ ఏఎన్ఎంను పిలిచి చదివించాలి. అత్తను పక్కనే కూర్చోబెట్టాలి. రాత్రి పూట ఆటో పిలవాలా వద్దా అని తేల్చేది చాలా ఇళ్లలో అత్తే మరి! భర్తను కూడా రమ్మనాలి. అతనికీ టెన్షన్ ఉంటుంది, పైకి చెప్పడు.

ఇక్కడొక చిక్కుంది. పద్దెనిమిది నిండని అమ్మాయి గర్భవతి అని తెలిస్తే పిల్లలపై లైంగిక నేరాలను ఆపే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపాల్సిందే. కాబట్టి లైబ్రేరియన్ “ఎవరికీ చెప్పనులే బిడ్డా” అని మాట ఇవ్వకూడదు. ముందే ఉన్నదున్నట్టు చెప్పి, ఆమెను ఒంటరిగా వదలకుండా చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి కలపాలి. ఊళ్లో గుసగుసలు లేవకుండా చూడటం మాత్రం పూర్తిగా మన చేతిలో పనే.

అమెరికా లైబ్రరీల్లో పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని తల్లులు కథలు చదివే పూటలుంటాయి. మనకు ఒళ్లోకి పుస్తకమే రానక్కర్లేదు. చందంపేట వైపు తండా నుంచి వచ్చిన పిల్లకు వాళ్ల నానమ్మ లంబాడీల భాష గోర్‌బోలిలో పాడిన జోలపాట చాలు. ఆ పాటను ఆమె చేతే తెలుగు అక్షరాల్లో రాయించొచ్చు. ఏడాదిగా పెన్ను పట్టని చెయ్యి మళ్లీ కదులుతుంది.

అటునుంచి ఓపెన్ స్కూల్ దూరమేమీ కాదు. 14 నిండితే పదో తరగతికి కట్టొచ్చు. ఫారం ఎలా నింపాలో చెప్పే మనిషీ, పాఠ్యపుస్తకాలూ, చంటిబిడ్డకు పాలిచ్చే చాటూ, గొళ్లెం పడే బాత్‌రూమూ ఉంటే ఆమె వస్తుంది. రేపు మీ ఊరి లైబ్రరీకి వెళ్లినప్పుడు మొదట ఆ గొళ్లెం సంగతి అడగండి.