పిత్తానికీ షుగర్‌కీ సంబంధం ఉందా? ఐఎన్‌టీ-777 కథ

నమస్కారమండీ. ముందు ఒక్క మాట, ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి కాబట్టి. భీమవరం, ఆకివీడు చెరువుల్లో పెంచే శీలావతి ఉంది కదా, దాని పిత్తం పచ్చిగా మింగితే షుగర్ తగ్గుతుందని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ఈ జాతి చేపల పిత్తంలో సిప్రినాల్ సల్ఫేట్ అనే విషం ఉంటుంది, ఉడికించినా పోదు. మింగి కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. ఇంట్లో ఎవరైనా మింగితే వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మరి పిత్తానికీ షుగర్‌కీ సంబంధమే లేదా? ఉందండీ, కాకపోతే వేరే దారిలో.

(తెరపై: కాలేయం, గాల్ బ్లాడర్, పేగు బొమ్మ)

కాలేయం కొలెస్ట్రాల్‌తో పిత్తంలో ఉండే బైల్ యాసిడ్లు తయారుచేస్తుంది, అవి గాల్ బ్లాడర్‌లో నిల్వ ఉండి, మనం రొయ్యల వేపుడు తిన్నాక పేగులోకి దిగి కొవ్వు అరగడానికి సాయపడతాయి. వాటి పని ఇంతేనని చాలాకాలం అనుకున్నారు. 1999లో ఎఫ్‌ఎక్స్‌ఆర్, 2002లో టీజీఆర్5, ఈ రెండు రిసెప్టర్లూ (కణాల్లో సంకేతాలు అందుకునే ప్రోటీన్లు) బైల్ యాసిడ్లను గుర్తుపడతాయని తేలాక లెక్క మారింది.

పేగు గోడలోని ఎల్ కణాల్లో టీజీఆర్5 పనిచేయడం మొదలుపెడితే ఇన్సులిన్ పెంచి షుగర్ తగ్గించే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇప్పుడు అందరూ మాట్లాడుకుంటున్న బరువు తగ్గే ఇంజెక్షన్లు అనుకరించేది ఈ హార్మోన్‌నే. అందుకే ఎఫ్‌ఎక్స్‌ఆర్ జోలికి పెద్దగా పోకుండా టీజీఆర్5 మీద పనిచేసే పదార్థం కోసం వెతికారు. అలా వచ్చిందే ఐఎన్‌టీ-777. కోలిక్ యాసిడ్ అనే బైల్ యాసిడ్‌లో 6వ కార్బన్ దగ్గర ఇథైల్, 23వ కార్బన్ దగ్గర మిథైల్ చేర్చి తయారుచేశారు. 2009లో సెల్ మెటబాలిజం పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, కొవ్వు మేత తింటున్న ఎలుకలకు ఇది ఇస్తే బరువు అదుపులోకి వచ్చింది, కాలేయంలో కొవ్వు తగ్గింది, గ్లూకోజ్ కూడా మెరుగైంది.

చిక్కంతా గాల్ బ్లాడర్ దగ్గర వచ్చింది. అక్కడి కండరంలోనూ ఇదే టీజీఆర్5 ఉంది. ఐఎన్‌టీ-777 తగిలితే కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత పదార్థం పెరిగి కండరం వదులవుతుంది, తూము మూసి చెరువుకు నీళ్లు పెట్టినట్టు పిత్తం వచ్చి చేరుతూనే ఉంటుంది. 2011లో అచ్చయిన ప్రయోగంలో ఎలుకల గాల్ బ్లాడర్ అరగంటలోనే రెట్టింపయింది. నాకు బాగా నచ్చింది దాని తర్వాతి అడుగు: టీజీఆర్5 జన్యువు తీసేసిన ఎలుకలకూ అదే ఇచ్చి చూశారు, వాటిలో ఏ మార్పూ లేదు. ఇంక అనుమానానికి చోటెక్కడ?

పిత్తం కదలకుండా నిలిచిపోతే రాళ్ల భయం ఉంటుంది. టీజీఆర్5 లేని ఎలుకలకు రాళ్లు తెప్పించే మేత పెట్టినా రాళ్ల నుంచి తప్పించుకున్నాయని 2006లోనే చూశారు.

ఐఎన్‌టీ-777 ఇప్పటికీ ల్యాబ్‌లో వాడే పదార్థమే, మెడికల్ షాపులో అడిగితే దొరికేది కాదు. ఈ చిక్కు తప్పించడానికి ఇప్పుడు పరిశోధకులు రక్తంలోకి వెళ్లకుండా పేగులోనే ఉండిపోయే టీజీఆర్5 పదార్థాల మీద పనిచేస్తున్నారు, జీఎల్‌పీ-1 రావాలి, గాల్ బ్లాడర్‌కి మాత్రం సంగతి తెలియకూడదు.