బోట్లు ఒడ్డున ఉంటే పని లేనట్టేనా?

నమస్కారం. ఇవాళ మన వైజాగ్ ఫిషింగ్ హార్బర్ నుంచి మాట్లాడుతున్నాను. డాక్యుమెంటరీలు తీసే దర్శకురాలు దీపా ధన్‌రాజ్ గారి గురించి ఎప్పుడు చెప్పినా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "ఇన్నేళ్లలో తీసిన సినిమాలు ఇన్నేనా? మిగతా టైమంతా ఖాళీయేనా?" ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

నా వెనక చూడండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. పని లేదనుకుంటాం. కొంచెం దగ్గరికి రండి. ఈ బాబాయ్ వల అంచుని కాలి బొటనవేలికి తగిలించుకుని, తెగిన చోట ఒక్కో కన్నూ అల్లుతున్నారు. ఒక్క ముడి వదులైనా రేపు సముద్రంలో బయటపడుతుంది.

డాక్యుమెంటరీలో షూటింగ్ అంటే వల విసరడం. దానికి ముందు జరిగేదంతా ఇదే, వల అల్లడం.

దీపా గారు హైదరాబాద్‌లో పుట్టారు. 1980లో స్నేహితులతో కలిసి యుగాంతర్ అనే సినిమాలు తీసే బృందం మొదలుపెట్టారు. కర్ణాటకలోని నిపాణిలో పొగాకు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల మీద 1982లో వచ్చిన సినిమా కోసం వాళ్లతో నాలుగు నెలలు గడిపారు. పనిలో పడే కష్టాలేంటి, సంఘం ఎలా కట్టాలి... ఇవన్నీ కూర్చుని విన్నారు. ఇది ఖాళీ టైమా? పైగా అప్పట్లో 16 ఎంఎం ఫిల్ము. 400 అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. చేప లేని చోట వల వేస్తే డీజిల్ దండగ అయినట్టే, రీలూ దండగే.

ఇంకో మాట. ఏ చేపకి ఆ వల. 1983లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘంతో కలిసి తెలుగులో 'ఇది కథ మాత్రమేనా' తీశారు. భార్య ఇంట్లో పడే హింస గురించి. ఆ ఇంట్లోకి కెమెరా ఎలా వెళ్తుంది? ఆవిడ కెమెరా ముందు నోరు విప్పితే, ఆ రాత్రి ఆవిడ గతేంటి? ఈ సినిమాని మాత్రం అందరూ కలిసి కథగా అల్లి, నటించి తీశారు. అంటే వలే మార్చేశారు! దీపా గారంటే నాకు ఇంత గౌరవం రావడానికి కారణం ఈ సినిమానే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. తర్వాత ఆవిడ తీసిన సినిమాలు: 1986లో హైదరాబాద్ మతకలహాల మీద, 1991లో కుటుంబ నియంత్రణ పేరుతో ఆడవాళ్లకి జరిగిన అన్యాయం మీద, 2018లో రోహిత్ వేముల మరణం తర్వాత వచ్చిన విద్యార్థి ఉద్యమం మీద. ఎడిటింగ్ సంగతి ఎత్తనేలేదు. పడ్డ చేపల్ని ఏరడం లాంటిది అది, దానికి ఇంకో వీడియో కావాలి. ఈలోగా 'ఇది కథ మాత్రమేనా' చూడండి. అరగంట కూడా ఉండదు. అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.