పబ్బు లైసెన్స్ సంగతి (మధ్యలో బరాత్)

సుజాత: ఆన్ అయిందా?

కిరణ్: అయిందక్కా. ఫ్యాన్ ఆపెయ్, లేకపోతే కరీంనగర్ శ్రోత నుంచి మళ్లీ మెయిల్ వస్తుంది.

సుజాత: ఆపేశాను. ఆయనకి నమస్కారం. ఈ వారం టాపిక్ పబ్బులు. రాత్రిపూట మోత తట్టుకోలేక చుట్టుపక్కల వాళ్లు ఫిర్యాదు చేస్తే లైసెన్స్ నిజంగా పోతుందా?

కిరణ్: పోదు. అయిపోయింది ఎపిసోడ్. సబ్‌స్క్రైబ్ చేసుకోండి.

సుజాత: ఆగు బాబూ. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు ఏమంది? జూబ్లీహిల్స్ పబ్బుల కేసులో రాత్రి పది దాటితే మ్యూజిక్ వద్దంది. తర్వాత ఆ ఆంక్షను పది పబ్బులకే కుదించారనుకో.

కిరణ్: అదే నాకు అర్థం కాదు. మందుకేమో పన్నెండు, వారాంతమైతే ఒంటిగంట. పాటకి పది. తాగినవాడు పది తర్వాత ఏం చేయాలి, భజనా?

సుజాత: భజనకైనా బయట మైకు పెడితే పదే.

కిరణ్: (నవ్వు) సరే, ఇది ప్రోమోలో పెడదాం.

సుజాత: ఇంకోటి, లైసెన్స్ అంటే ఒకే కాగితం అనుకుంటారు జనం. ఎక్సైజ్ వాళ్లిచ్చే 2బి, అంటే బార్ లైసెన్స్, వేరు, జీహెచ్ఎంసీ ట్రేడ్ లైసెన్స్ వేరు, పోలీసుల అనుమతి వేరు. 1968 నాటి ఎక్సైజ్ చట్టంలో 31వ సెక్షన్ ఉంది, సస్పెండ్ చేయొచ్చు, రద్దూ చేయొచ్చు. కానీ షరతు తప్పారని చూపించాలి, నోటీసివ్వాలి, వాళ్ల వాదన వినాలి. దానికి ముందు ఎవరో ఒకరు శబ్దం కొలిచే మీటర్ పట్టుకుని...

కిరణ్: మీటర్ అన్నావు! నేననలేదు, ఈసారి నువ్వే అన్నావు.

సుజాత: నా నోరే నాకు శత్రువు. సరే కానివ్వు, రెండే నిమిషాలు.

కిరణ్: నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోది. కానీ కొలిచేది ‘ఏ వెయిటింగ్’తో. అంటే లోతైన శబ్దాన్ని మీటరే తగ్గించి చూపిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26 డెసిబెల్స్ కోసేస్తుంది. మరి పబ్బు గోడ దాటి మన బెడ్‌రూమ్‌లోకి వచ్చేదేంటి? పాటా? మాటలా? ఆ డుబ్ డుబ్ ఒక్కటే! మనల్ని నిద్రపోనివ్వని శబ్దాన్నే మీటర్ మర్యాదగా పక్కన పెడుతుంది.

సుజాత: మంచం పక్కన చెంబు మీద గ్లాసు బోర్లిస్తాం కదా, అది టిక్ టిక్ అంటుంది చూడు.

కిరణ్: అదే! ఆ గ్లాసు అసలైన మీటర్. కానీ నన్నడిగితే పబ్బు నయం అక్కా. పబ్బుకి అడ్రస్ ఉంది, లైసెన్స్ ఉంది. పెళ్లి బరాత్‌కి ఏముంది?

సుజాత: మళ్లీ బరాత్ దగ్గరికొచ్చావా.

కిరణ్: రాక? మా వీధి చివర ఫంక్షన్ హాలు నీకు తెలుసు. అర్ధరాత్రి దాటాక కూడా ట్రాలీ మీద డీజే బాక్సులు, కిటికీ అద్దాలు గలగలా. ఫిర్యాదు ఎవరి మీద ఇవ్వాలి, పెళ్లికొడుకు మీదా? తెల్లారేసరికి వాడు అత్తారింట్లో ఉంటాడు.

సుజాత: బరాత్ జీవితానికోసారి నాయనా. పబ్బు రోజూ.

కిరణ్: వాడికి జీవితానికోసారి. నాకు మాఘమంతా! అందరూ మంచి రోజులు పోయాయని ఏడుస్తారు, నేనేమో ఆషాఢం కోసం ఎదురుచూస్తాను. మూఢం వస్తే ఇంకా హాయి.

సుజాత: మా తమ్ముడి పెళ్లిలో బాక్సుల ముందు నుంచి కదలనిది ఎవరో చెప్పమంటావా?

కిరణ్: అది కొంపల్లి. అక్కడ నేను అతిథిని.

సుజాత: ఓహో, కొంపల్లిలో వాళ్లకి చెవులుండవు.

కిరణ్: టాపిక్ మార్చకు. 2024 అక్టోబరులో హైదరాబాద్ సిటీ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దన్నారు. మరి పెళ్లి ఊరేగింపు?

సుజాత: దానికీ పదింటి రూల్ ఉంది కదరా. రోడ్డు మీద లౌడ్‌స్పీకర్ ఎవరిదైనా ఒకటే.

కిరణ్: ఉంది. కాగితం మీద బాగుంది.

సుజాత: సరే, నా సంగతి చెప్తా. మా అమ్మ ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన వారం. వెనక రూఫ్‌టాప్‌లో మోత. 100కి ఫోన్ చేశాను. బండి వచ్చింది, సౌండ్ తగ్గింది. బండి మలుపు తిరిగిందో లేదో మళ్లీ మొదలు. మళ్లీ చేశాను. ‘మేడమ్, ఇప్పుడే వెళ్లొచ్చాం కదా’ అన్నారు. అమ్మ ఒక్క మాట అనలేదు, దుప్పటి తల మీదికి లాక్కుంది.

కిరణ్: ఇది నాకెప్పుడూ చెప్పలేదు.

సుజాత: చెప్తే నువ్వు మీటర్ తెస్తావని.

కిరణ్: (నవ్వడు) తెచ్చేవాణ్ణే.

సుజాత: నాలుగు గోడల మధ్య అయితే రూల్స్‌లో కొంత మినహాయింపు ఉంది, ఆడిటోరియం, బాంక్వెట్ హాల్ లాంటి వాటికి. పైకప్పే లేని చోటుని మూసిన గది అని ఎవరనగలరు? పాట ఆగినా ఊరుకుంటుందా, ఒంటిగంటకి కార్ల తలుపులు, కార్లు పార్క్ చేసే వాలెట్ కుర్రాళ్ల ఈలలు, ఇంటికెళ్లడం ఇష్టంలేని వాళ్ల వీడ్కోళ్లు. అది ఏ లైసెన్స్ కిందకి వస్తుంది?

కిరణ్: ఆ వాలెట్ కుర్రాళ్లని అనకు. వాళ్లు పొద్దున్నే ఇంకో డ్యూటీకి పోవాలి.

సుజాత: వాళ్లని అనట్లేదు.

కిరణ్: ఇంకో మాట. జూబ్లీహిల్స్ వాళ్లు హైకోర్టుకి వెళ్లగలిగారు. మా బోడుప్పల్ వాళ్లకి లాయర్ ఎవరు పెడతారు? మా అసోసియేషన్‌లో లిఫ్ట్ రిపేరుకే చందా రాదు.

సుజాత: ప్రెసిడెంట్‌ని అడుగు.

కిరణ్: ప్రెసిడెంట్ కొడుక్కే ఫాల్గుణంలో పెళ్లి!

సుజాత: (నవ్వు) అయితే నీకూ పిలుపు వస్తుంది.

కిరణ్: వచ్చింది. బరాత్ ఎనిమిదింటికని కార్డులో వేశారు. ఎనిమిదింటికి గుర్రం కూడా రాదు.

సుజాత: వెళ్తావా?

కిరణ్: వెళ్లాలి కదా, పక్క ఫ్లాట్. బాక్సుల ముందు మాత్రం నిలబడను.

సుజాత: కొంపల్లి వీడియో నా ఫోన్‌లోనే ఉంది. లింక్ పెట్టనా?

కిరణ్: అక్కా, ఎడిటింగ్ నా చేతిలో ఉందని మర్చిపోకు.

సుజాత: ఎడిట్ చేయని అసలు ఫైల్ నా ల్యాప్‌టాప్‌లో ఉందని నువ్వు...

కిరణ్: ఆపేస్తున్నా, ఆపేస్తున్నా.