ఎవరి మీటరు, ఎవరి ఆధార్?

(తిరుపతి కొర్లగుంటలో పొదుపు సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, సంఘాల లీడర్లకు, సంఘాల పనులు చూసుకునే ఆర్పీలకు, ఈపూట కూలి పోగొట్టుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. పొద్దున్నే వచ్చి కుర్చీలు వేసిన పిల్లలకు కూడా. పేరుపేరునా చెబుతూ పోతే నాకిచ్చిన టైమంతా దానికే సరిపోతుంది.

‘ఇళ్ల పథకాలు, దరఖాస్తు చేసుకునే పద్ధతి’ గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను. పట్టణాల్లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన 2015 జూన్‌లో మొదలైంది. దాని కిందే మన రాష్ట్రంలో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ పేదలకు ఇళ్లు కట్టింది, వాటినే టిడ్కో ఇళ్లంటాం. 300, 365, 430 చదరపు అడుగులు, మూడు రకాలు. మన తిరుపతి వాళ్లకు ఊరికి దూరంగా వికృతమాల దగ్గర కట్టారు. 2024లో ఆవాస్ యోజన రెండో విడత మొదలైంది. అందులో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు నిరుపేదల లెక్కలోకి వస్తారు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. ఇవన్నీ వార్డు సచివాలయంలో అడిగితే చెబుతారు. అక్కడ ఎవరూ చెప్పనిది ఒకటుంది. ఈ కాగితం పక్కన పెట్టి దాని గురించే మాట్లాడతాను.

మా అమ్మ మూడో వరసలో కూర్చోనుంది. లేవొద్దులేమ్మా, మోకాళ్లు నొప్పులు. తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణ మండపంలో చాలా ఏళ్లు అంట్లు తోమింది. ముహూర్తాల రోజుల్లో ఇంటికొచ్చేసరికి రాత్రి ఒంటిగంట. ఆ టైములో వికృతమాలకు ఏ బస్సుంటుందని నేనడిగితే, ‘ముందు ఇల్లు రానీ, బస్సు సంగతి తర్వాత చూద్దాం’ అనేది. మేముండేది ఇక్కడే, నాలుగు పోర్షన్ల ఇంట్లో ఒక గది. నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకే కరెంటు మీటరు.

చిన్న రకం ఇంటికి అమ్మ 500 రూపాయల డీడీ కట్టింది. ఆ డీడీ జెరాక్సునూ అమ్మవారి కుంకుమ పొట్లాన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టింది. బియ్యం తీసినప్పుడల్లా మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉందో లేదో తడుముకునేది.

తర్వాత ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నారు. వచ్చిన అబ్బాయి మీటరు నంబరు అడిగితే అమ్మ గోడ మీదున్న మీటరు చూపించింది. ఇంకేం చూపిస్తుంది? ఓనరు బెంగళూరులో ఉంటాడు. ఆ నంబరుకు అమ్మ ఆధార్ ఎక్కింది. అప్పట్లో నెలకు సగటున 300 యూనిట్లు దాటితే బియ్యం కార్డుకు అనర్హులు. మేడ మీద ఏసీ, నీళ్ల మోటారు, మూడు పోర్షన్ల ఫ్రిజ్‌లు, అన్నీ మా అమ్మ వాడినట్టే లెక్క! మా గదిలో ఉన్నది ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు. కార్డు పోయింది. కార్డు వెనకాలే ఇళ్ల జాబితాలో పేరూ పోయింది.

దీని మీద అర్జీ పెడదామని ఒక ఆఫీసుకు పోయాం. వేలిముద్ర వేయమన్నారు. పడలేదు. అక్కడున్న అమ్మాయి మంచిది, వేళ్లకు కొబ్బరినూనె రాసి తుడిచి మళ్లీ పెట్టించింది. పది వేళ్లూ పెట్టించింది. ఇన్నేళ్లు సోడా నీళ్లలో నానిన వేళ్లకు గీతలెక్కడుంటాయి? అమ్మ తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది, తనే ఏదో తప్పు చేసినట్టు. అమ్మా, ఆ చేతులతోనే కదా నన్ను చదివించావు. కళ్లు స్కాన్ చేసి కూడా పని జరిపించొచ్చని ఆ రోజు మాకెవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను. వేలిముద్ర పడలేదని వెనక్కి పంపితే, ఐరిస్ పెట్టమని అడగండి. గట్టిగా అడగండి.

ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు కంతులు మొదలైనవాళ్లు కూడా ఈ హాల్లో ఉన్నారు. వాళ్ల బాధ చెప్పాలంటే ఇంకో మీటింగు కావాలి, తప్పకుండా పెడదాం.

పెద్దలను నేను అడిగేది ఒక్కటే. ఒకే మీటరు మీద నాలుగు కుటుంబాలుంటే, యూనిట్లను నాలుగు భాగాలు చేసి చూడండి. సొంతిల్లు లేదనే కదా అద్దెకుంటున్నాం. ఆ అద్దె ఇంటి మీటరునే చూపించి మాకు ఇల్లు రాదంటే ఎట్లా? కింది ఉద్యోగి మీద కోపం లేదు. కంప్యూటర్లో వచ్చిందే ఆయన చదువుతాడు. కంప్యూటరుకు ఆ లెక్క నేర్పింది పైవాళ్లు. మార్చాల్సిందీ వాళ్లే.

అక్కా, మీరు లేచి వెళ్లిపోకండి, రెండు నిమిషాలు. ఇప్పటికే ఎవరి ఆధార్ అయినా ఓనరు మీటరుకు ఎక్కి ఉంటే, అది తీయించాలని తెల్లకాగితం మీద రాసి, కరెంటు బిల్లు జెరాక్సు, అద్దె కాగితం ఉంటే అదీ జతచేసి సచివాలయంలో ఇవ్వండి. అర్జీ నంబరు తీసుకోకుండా మాత్రం ఆ గుమ్మం దాటొద్దు. మా అమ్మ మూడుసార్లు ఇచ్చింది, మూడుసార్లూ ఉత్త చేతులతో వచ్చింది. నంబరు లేకపోతే మనం అర్జీ ఇచ్చినట్టే కాదు. అక్కడ తేలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. అందరం కలిసే పోదాం.

ఇప్పుడు ఒకే మీటరు మీద రెండు, మూడు కుటుంబాలున్నవాళ్లు చేతులెత్తండి. సిగ్గెందుకమ్మా, ఎత్తండి. అమ్మా, నువ్వు కూడా. వెనక గోడ దగ్గర నిలబడినవాళ్లు కూడా. దించకండి, లెక్కపెట్టుకోనివ్వండి.